కారణం తెలియదని రాసే ముందు

హైదరాబాదు



నీ ఉత్తరం అందింది. కొల్లాపూర్ దవాఖానలో కుదురుకున్నావని, పెంట్లవెల్లి, కోడేరు, సోమశిల దిక్కు నుంచి వచ్చే పెద్దవాళ్లు నీ దగ్గర కూర్చుని జబ్బుతో పాటు ఇంటి సంగతులు కూడా చెప్పుకుంటున్నారని చదివి మీ పెద్దమ్మా నేనూ చాలా సంతోషపడ్డాం. రోగి మనసు విప్పి మాట్లాడే చోట వైద్యం సగం దారి నడిచినట్టే. ఆ అలవాటు వదులుకోకు.

ఇక నువ్వడిగిన సంగతి. పెద్దకొత్తపల్లి దిక్కు మామిడితోట రైతు, యాభై దాటినవాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి, మాట తడబడి, హైదరాబాదులో చూపించుకుని, కొంత తేరుకుని ఇంటికి చేరాడు. డిశ్చార్జి కాగితం మీద "కారణం తెలియని పక్షవాతం" అని ఉంది. మెడ స్కాన్ రిపోర్టులో మాత్రం ఎడమ కరోటిడ్ ధమనిలో ప్లాక్ ఉందని, ఇరుకు 40 శాతమని, దాన్ని పట్టించుకోనక్కర్లేదని రాసి ఉంది. అతను నీ ముందు కూర్చుని "నాకెందుకొచ్చింది డాక్టరమ్మా, మళ్ల వస్తదా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశావు. ఆ 40 శాతం ప్లాక్‌కు, ఆ పడిపోయిన చేతికి సంబంధం ఉందా లేదా అన్నది నీ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు "కారణం తెలియదు" అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతాన్ని కారణాల వారీగా విడగొట్టడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది 1993లో అమెరికాలో తయారైన టోస్ట్ పద్ధతి. అందులో ఐదు వర్గాలు. పెద్ద ధమనుల జబ్బు ఒకటి, గుండెలోంచి వచ్చిన రక్తపు గడ్డ ఒకటి, మెదడు లోపలి సన్న నాళాల జబ్బు ఒకటి, అరుదైన ఇతర కారణాలు ఒకటి, ఏదీ తేలనివి ఒకటి. మన నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం ఈ పద్ధతిలోనే హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీ నడిపి, 2002లో ఒక సంవత్సరపు లెక్కలు ప్రచురించింది. పెద్ద ధమనుల జబ్బు 41 శాతం, సన్న నాళాలది 18, గుండె నుంచి వచ్చింది 10, ఇతర కారణాలు 4. మిగిలిన 27 శాతం కారణం తేలనివి. అంటే పక్షవాతం వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరికి పైగా "ఎందుకొచ్చింది" అన్న ప్రశ్నకు జవాబు లేకుండానే ఇంటికి వెళ్లారు. పెద్ద ఆసుపత్రిలో, శ్రద్ధగా రిజిస్టరు నడిపిన చోటే ఇది. తక్కినచోట్ల ఇంకెంత ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఆ చివరి వర్గంలోకి మూడు రకాల వాళ్లు చేరతారు. పరీక్షలన్నీ చేసినా ఏమీ దొరకనివాళ్లు కొందరు. రెండు మూడు కారణాలు ఒకేసారి దొరికి, ఏది అసలుదో తేలనివాళ్లు కొందరు. డబ్బుల్లేకనో, సమయం లేకనో, సగం పరీక్షలతో ఆగిపోయినవాళ్లు కొందరు. కాగితం మీద ముగ్గురికీ ఒకటే మాట రాస్తారు. మన పాలమూరు పల్లెల నుంచి వెళ్లే వాళ్లలో మూడో రకమే ఎక్కువగా చూశాను. కాబట్టి ఆ మాట కనిపించినప్పుడల్లా నీ మొదటి పని ఒకటే: వెతికినా దొరకలేదా, రెండు దొరికాయా, అసలు వెతకనే లేదా అని ఫైలు తెరిచి చూడు. గుండె స్కాన్ తీశారా? గుండె లయను ఒక రోజైనా గమనించారా? మెడ ధమనులతో పాటు తల లోపలి ధమనులను కూడా చూశారా? ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా అక్కడ "తెలియదు" కాదు, "ఇంకా చూడలేదు" అని రాసుకోవాలి.

ఇక మెడ సంగతి. గొంతు పక్కన వేలు పెడితే కొట్టుకునేది కరోటిడ్ ధమనే కదా. దవడ కింద అది రెండుగా చీలి, ఒక పాయ ముఖానికి, ఒక పాయ మెదడుకూ కంటికీ పోతుంది. ఆ చీలిక దగ్గర రక్తం నేరుగా పారక సుడి తిరుగుతుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, పొగ, కొలెస్టరాల్ కలిసి అక్కడి గోడను పాడుచేస్తే అక్కడే కొవ్వు పేరుకుని ప్లాక్ అవుతుంది. పక్షవాతం వస్తే మెదడులోని నాళాలు ఈడ్చుకుపోయాయని వైద్యులు చెప్పుకునే రోజుల్లో, 1951లో, కెనడాకు చెందిన మిల్లర్ ఫిషర్ చనిపోయినవారి మెడ ధమనులను కూడా పరీక్షించి, మెదడు దెబ్బకు మూలం మెడలో ఉండవచ్చని గట్టిగా చెప్పాడు. మూడేళ్లకే లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో మెడ ధమని మీద చేసిన ఆపరేషన్ గురించి ప్రచురించారు. అంతవరకూ "తెలియదు" అని వదిలేసిన వాటిలో కొన్నిటికి జవాబు అలా దొరికింది. ఎవరో ఒకరు అప్పటిదాకా చూడని చోట చూడబట్టి దొరికింది. ఈ చరిత్ర నీకు గుర్తుండాలి.

మరి 40 శాతాన్ని పట్టించుకోనక్కర్లేదని ఎందుకు రాశారు? టోస్ట్ పద్ధతిలో పెద్ద ధమనిని కారణంగా ఒప్పుకోవాలంటే ఇరుకు 50 శాతం దాటాలి. శాతాల మీద మన వృత్తికి నమ్మకం కుదరడానికి ఇంకో బలమైన ఆధారం కూడా ఉంది. ఉత్తర అమెరికాలో జరిగిన నాస్కెట్ పరిశోధన 1991లో చెప్పిన ఫలితం ఇది: లక్షణాలు కనబడి, 70 శాతానికి పైగా ఇరుకున్నవాళ్లలో మందులు మాత్రమే వాడినవాళ్లకు రెండేళ్లలో అదే వైపు పక్షవాతం వచ్చింది 26 శాతానికి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 9 శాతానికి. 50 నుంచి 69 శాతం ఇరుకున్నవాళ్లకు లాభం ఉంది కానీ తక్కువని 1998లో తేలింది. ఐదేళ్లలో మందులు మాత్రమే వాడినవాళ్లలో 22 శాతం, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో దాదాపు 16 శాతం. 50 లోపు వాళ్లకు ఆపరేషన్‌తో లాభం లేదు.

ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి బిడ్డా. ఎవరికి ఆపరేషన్ చేయాలి అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు అది. ఆ ప్లాక్ మీది నుంచి గడ్డ ఊడి మెదడుకు పోయిందా అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును మనం రెండో ప్రశ్నకు కూడా వాడుకుంటూ వచ్చాం. 2014లో గడ్డ వల్లే వచ్చి, గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పక్షవాతాలకు ఈసస్ అని కొత్త పేరు పెట్టినప్పుడు కూడా 50 శాతం లోపు ఇరుకున్న ప్లాక్‌లన్నిటినీ ఆ లెక్కలోనే కలిపేశారు. అంటే నీ రైతు మెడలో ప్లాక్ ఉన్నా, నియమం ప్రకారం అతనిది కారణం తెలియని జబ్బే అవుతుంది.

కానీ ప్లాక్ ఎప్పుడూ లోపలికే పెరగదు. 1987లో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు గుండె ధమనుల్లో చూపించిన విషయం ఇది: కొవ్వు పేరుకునేకొద్దీ ధమని బయటికి ఉబ్బి, రక్తం పోయే దారిని చాలాకాలం ఇరుకు కాకుండా కాపాడుకుంటుంది. మెడ ధమనుల్లోనూ అంతే. అందువల్ల దారిని మాత్రమే కొలిస్తే గోడలో ఎంత జబ్బు ఉందో తెలియదు. మన కొల్లాపూర్ మామిడికే టెంక పురుగు పడితే కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కోసి చూస్తే గానీ లోపలి సంగతి బయటపడదు. ప్లాక్ కూడా అలాంటిదే. మందమైన కొవ్వు ముద్ద మీద పలుచని పొర ఉంటే అది చిట్లుతుంది. ప్లాక్ లోపలే సన్న నాళాలు పగిలి నెత్తురు నిండితే అది మరీ ప్రమాదం. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలోంచి చిన్న ముక్క ఊడి పైకి కొట్టుకుపోతుంది. ఇదంతా జరగడానికి 70 శాతం ఇరుకు అక్కర్లేదు. 30 శాతంలోనూ జరగవచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదని చూపిన పరిశోధనలు ఉన్నాయి. వాటి తెలివంతా ఒక్క పోలికలో ఉంది: దెబ్బ తిన్న మెదడు వైపు మెడను, అదే మనిషి రెండో వైపు మెడను పక్కపక్కన పెట్టి చూశారు. వయసు ఒకటే, బీపీ ఒకటే, తిండి ఒకటే, తేడా వైపు ఒక్కటే. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో కారణం తెలియని 85 మందికి సీటీ యాంజియోగ్రామ్ చూస్తే, 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా మందమైన, ఇరుకు చేయని ప్లాక్ దెబ్బ తిన్న వైపు 35 శాతం మందిలో, రెండో వైపు 15 శాతం మందిలో ఉంది. జర్మనీలో క్యాపియాస్ అనే అధ్యయనం మెడలో ప్లాక్ ఉన్న రోగులనే ఎంచుకుని ఎమ్మారై తీసింది. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. కారణం తెలియనివాళ్లలో లోపల నెత్తురు నిండిన, చిట్లిన, గడ్డ పట్టిన ప్లాక్ దెబ్బ వైపు 31 శాతంలో, రెండో వైపు 12 శాతంలో కనిపించింది. అదే సంవత్సరం అనేక అధ్యయనాలను కలిపి చూసిన మరో విశ్లేషణలో, లక్షణాలు కనబడి, ఇరుకు 50 శాతం లోపే ఉన్నవాళ్లలో ప్లాక్ లోపల నెత్తురు ఉంటే ఏడాదికి 9 శాతం మందికి అదే వైపు మళ్లీ పక్షవాతం వచ్చింది. నెత్తురు లేనివాళ్లలో ఒక శాతం కూడా లేదు.

కాబట్టి నీ రైతు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ వైపు. ప్లాక్ ఉన్నది ఎడమ మెడలో. దాన్ని పట్టించుకోనక్కర్లేదు అనడం తప్పు. దాన్ని బలమైన అనుమానంగా రాసుకోవాలి. అయితే అనుమానాన్ని తీర్పుగా మార్చవద్దు. రెండో వైపు కూడా 12 శాతంలో, 15 శాతంలో అలాంటి ప్లాక్ కనిపించిందని చెప్పాను కదా, అది మరిచిపోకు. యాభై దాటిన మనుషుల మెడల్లో ప్లాక్ మామూలే. కొందరికి అది ఏ హానీ చేయకుండా ఊరికే ఉంటుంది. మెడలో ఏదో కనబడిందని గుండెను చూడటం ఆపేస్తే, లోపల దాగిన గుండె లయ తప్పుదల అలాగే ఉండిపోతుంది. 2014లో క్రిస్టల్ ఏఎఫ్ పరిశోధనలో కారణం తెలియని పక్షవాతం వచ్చినవాళ్లకు చర్మం కింద చిన్న యంత్రం అమర్చి గమనిస్తే ఏడాదిలో 12 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఆ లయ తప్పుదల బయటపడింది. మామూలుగా చూసినవాళ్లలో అది 2 శాతమే. ఆ యంత్రం మన దగ్గర అందరికీ అందదు. కానీ నీ వేళ్లు ఉన్నాయి. ప్రతి రోగి నాడినీ నిమిషం పాటు పూర్తిగా పట్టుకుని చూడు. వచ్చిన ప్రతిసారీ చూడు. మన పల్లెల్లో చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల కవాటాలు చెడినవాళ్లు ఇంకా ఉన్నారు. స్టెతస్కోపుతో తొందరపడకుండా విను.

మనవాళ్ల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తెల్లవాళ్లతో పోలిస్తే మన దేశంలో, ఆసియా అంతటా, తల లోపలి ధమనుల్లో ఇరుకు ఎక్కువ. మెడ డాప్లర్ బాగుందంటే ధమనులన్నీ బాగున్నాయని కాదు. అది పుర్రె దాకానే చూస్తుంది. అందుకే వీలైన ప్రతిచోటా మెడనూ తలనూ కలిపి ఒకేసారి యాంజియోగ్రామ్ చేయమని రాసి పంపు. చిన్న వయసువాళ్లయితే మెడకు ఏమైనా దెబ్బ తగిలిందా, కటింగ్ షాపులో మెడ విరిపించుకున్నారా అని అడుగు. ధమని గోడ చీలినా పక్షవాతం వస్తుంది, అడగకపోతే ఎవరూ చెప్పరు.

తెలియని కారణాలన్నిటినీ ఒకే గాటన కట్టి ఒకే మందు ఇస్తే ఏమవుతుందో కూడా లోకం చూసింది. ఈసస్ రోగులకు ఆస్పిరిన్ బదులు రక్తాన్ని పలుచన చేసే బలమైన మందు ఇస్తే మేలని ఆశపడి 7 వేలకు పైగా మందితో నావిగేట్ ఈసస్ అనే పరిశోధన చేశారు. 2018లో ఫలితం వచ్చింది. రివరాక్సబాన్ ఇచ్చినవాళ్లకు పక్షవాతం తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడు డాబిగాట్రాన్‌తో చేసిన రెస్పెక్ట్ ఈసస్‌లోనూ ఆస్పిరిన్ కన్నా మేలు కనబడలేదు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే: "కారణం తెలియదు" అనేది ఒక జబ్బు పేరు కాదు. గుండె వల్ల వచ్చినవాళ్లూ, మెడ వల్ల వచ్చినవాళ్లూ, ఇంకేదో వల్ల వచ్చినవాళ్లూ అందులో కలిసి ఉన్నారు. ఎవరు ఎవరో విడదీయకుండా బలమైన మందు రాయవద్దు. మెడ ప్లాక్ మీద అనుమానం ఉన్నవాళ్లకు కావాల్సింది వేరు.

అది ఏమిటో చెబుతాను. అన్నీ మన దవాఖానకు అందుబాటులో ఉన్నవే.

చిన్న పక్షవాతం గానీ, వచ్చి పోయిన పక్షవాతం గానీ అయితే, సీటీలో రక్తస్రావం లేదని తేలాక, మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మొదలుపెట్టి 21 రోజులు ఇవ్వాలి, తర్వాత ఒకటే. రెండూ ఏళ్ల తరబడి వాడితే కడుపులోనో మెదడులోనో నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది. ఏ తేదీన ఏది ఆపాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇవ్వు. స్టాటిన్ మాత్రం మానకూడదు. ప్లాక్‌లోని కొవ్వును తగ్గించి, పై పొరను గట్టిపరిచే మందు అదే. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో 2,860 మందితో చేసిన పరిశోధన 2020లో వచ్చింది. ధమనుల్లో కొవ్వు ఉండి పక్షవాతం వచ్చినవాళ్లకు చెడు కొలెస్టరాల్‌ను 70 లోపుకు దించితే, 90 నుంచి 110 మధ్య ఉంచినవాళ్లకన్నా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి. బీపీని 130/80 లోపు ఉంచు. షుగరు చూడు. బీడీ, చుట్ట, గుట్కా మాన్పించు. తిట్టి కాదు, ప్రతి రాకలోనూ అడిగి. మామిడికాయ తొక్కు లేనిదే మనవాళ్లకు ముద్ద దిగదు. పూర్తిగా మానమంటే నీ ముందు తలూపి ఇంటికెళ్లి తింటారు. రోజూ ఎంత వేసుకుంటున్నారో అడిగి, సగం చేయమను. అది చేస్తారు.

మెడ స్కాన్ అడిగేటప్పుడు "కరోటిడ్ డాప్లర్" అని రెండు మాటలు రాసి వదిలేయకు. దెబ్బ ఏ వైపు తగిలిందో రాయి. ప్లాక్ ఎంత మందం ఉంది, నల్లగా మెత్తగా కనబడుతోందా, తెల్లగా గట్టిగా ఉందా, పైభాగం నున్నగా ఉందా, పుండులా గుంటలు పడి ఉందా అని రేడియాలజిస్టును అడుగు. అడిగితేనే రాస్తారు. ఎమ్మారైకి పంపే అవకాశం ఉంటే, ప్లాక్ లోపలి నెత్తురును చూపించే కొవ్వు అణచిన టీ1 చిత్రాలు మెడకు కూడా తీయమని అడుగు. తీసినా తీయకపోయినా, ఆ ప్రశ్న రిపోర్టులో నమోదవుతుంది. జబ్బు లక్షణం ఏమీ లేనివాళ్లందరికీ మాత్రం మెడ స్కాన్ రాయవద్దు. వాళ్లకు బీపీ కొలిస్తే వచ్చే మేలు అంతకన్నా ఎక్కువ, భయపెట్టి అనవసరపు ఆపరేషన్లకు తోసే ప్రమాదమూ తప్పుతుంది.

ఇరుకు 50 దాటి, లక్షణాలు అదే వైపు మెదడువో కంటివో అయితే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి పంపు. రెండు వారాల్లోపు ఆపరేషన్ చేస్తే ప్రతి ఐదుగురిలో ఒకరికి ఐదేళ్లలో రాబోయే పక్షవాతాన్ని తప్పించవచ్చని, పన్నెండు వారాలు దాటాక అదే ఫలితానికి 125 మందికి చేయాల్సి వస్తుందని 2004లో రాత్‌వెల్ బృందం లెక్కకట్టింది. పంట చేతికొచ్చాక వెళ్తామనో, సింగోటం జాతర అయ్యాక చూద్దామనో అంటారు. ఆ ఐదుకూ నూట ఇరవై ఐదుకూ తేడా ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పు. అర్థం చేసుకుంటారు, లెక్క తెలియని రైతు లేడు.

ఒక కంటికి తెర పడినట్టయి కొన్ని నిమిషాల్లో పోయిందని చెప్పేవాళ్లను కళ్లద్దాల దగ్గరికి పంపి ఊరుకోకు. ఎడమ మెడ నుంచి ముక్క పోతే ఎడమ కన్ను మసకబారుతుంది, కుడి చెయ్యి చచ్చుబడుతుంది. ఈ తిరకాసు తెలిసిన వైద్యుడికి అది మెడ ఇచ్చే ముందస్తు కబురు. మన దగ్గర పది నిమిషాలు చెయ్యి తిమ్మిరెక్కి తగ్గిపోతే ఎవరూ దవాఖానకు రారు. వాళ్లు రావాలంటే ఆశా కార్యకర్తలకు నువ్వే చెప్పాలి. ముఖం వంకర పోతే, చెయ్యి లేవకపోతే, మాట ముద్దగా వస్తే, తగ్గిపోయినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయాలని నెలనెలా చెప్పు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్నది నాలుగున్నర గంటలు. కొల్లాపూర్ నుంచి హైదరాబాదు చేరడానికే అందులో చాలా భాగం పోతుంది. కాబట్టి దగ్గరలో సీటీ, ఆ ఇంజెక్షన్ రెండూ ఏ దవాఖానలో ఏ వేళకు దొరుకుతాయో ముందే కనుక్కుని, ఆ ఫోన్ నెంబర్లు నీ బల్ల మీద అంటించి పెట్టు. పసరు కోసమో, పావురం నెత్తురు రాయించడం కోసమో మొదటి రెండు గంటలు పోగొట్టుకున్న కుటుంబాలను కోపగించుకోకు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇకమీదట చెప్పేది నువ్వు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించాల్సింది వలస. ముంబైకీ పుణెకూ హైదరాబాదుకూ పనికి పోయే పాలమూరు కూలీకి బీపీ గోలీలు ఇక్కడ ఒక నెలకు ఇస్తాం. రెండో నెల అతను ఎక్కడో సెంట్రింగ్ పని మీద ఉంటాడు. ఒళ్లు బాగానే ఉంది కదా అని మానేస్తాడు. పక్షవాతం వచ్చాక ఊరికి తెస్తారు. మెడలోని ప్లాక్ ఒక్కరోజులో పుట్టదు, ఇలా మానేసిన నెలలన్నిటిలో పెరుగుతుంది. వలసపోయే ముందు వచ్చినవాళ్లకు వీలైతే మూడు నెలల మందులు ఇప్పించు. ఏ గోలీ ఎందుకో, బీపీ ఎంతుండాలో రాసిన కార్డు ఇవ్వు. ఆ కార్డు చూపిస్తే ఏ ఊరి ప్రభుత్వ దవాఖానలోనైనా అడిగి తీసుకోవచ్చని చెప్పు. ఇంటి దగ్గర ఉండే భార్యకో తల్లికో ఫోన్ నెంబరు ఇవ్వు. నువ్వు ఒక్క మనిషిని మందు మానకుండా నిలబెట్టగలిగితే, ఖరీదైన స్కాన్‌లు చేసే మేలు కన్నా అది తక్కువేం కాదు.

ఇక అతని ప్రశ్న. "నాకెందుకొచ్చింది?" అని అడిగినవాడికి "తెలియదు" అని ఒక్క మాట చెప్పి పంపితే, ఆ ఖాళీలో వేరేవి వచ్చి చేరతాయి. ఎవరో చేతబడి చేశారంటారు, కర్మ అంటారు, మందులతో పనేముందంటారు. మందు మానేయడానికి అదే మొదటి మెట్టు. ఇలా చెప్పు అతనికి: "నీ ఎడమ మెడ నరంలో కొవ్వు పేరుకుంది. అక్కడి నుంచే చిన్న గడ్డ మెదడుకు పోయి ఉండొచ్చని మా అనుమానం. నూటికి నూరుపాళ్లు చెప్పలేం. గుండెను కూడా ఇంకా చూస్తున్నాం. కానీ ఆ కొవ్వును అదుపులో పెట్టే మందులు ఉన్నాయి. బీడీ మానేసి, రోజూ ఈ గోలీలు వేసుకుంటే మళ్లీ రాకుండా చాలావరకు కాపాడుకోవచ్చు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, భయపెట్టే మాట ఒక్కటీ లేదు. తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకుని, చేయాల్సింది చేతిలో పెడితే మన రైతులు నమ్ముతారు.

ఈ ఉత్తరమంతటికీ సారం ఒక్కటే. శాతం ఒక కొలత, జబ్బు మొత్తం కాదు. 50 లోపున్న ప్లాక్‌ను అనుమానితుల జాబితాలో చేర్చు, కానీ దాని మీద నేరం మోపి మిగతా వెతుకులాట ఆపకు. "కారణం తెలియదు" అని రాయాల్సి వస్తే, ఏమేం చూశావో, ఏమేం ఇంకా చూడలేదో దాని పక్కనే రాయి. ఎల్లుండి ఆ కాగితం పట్టుకుని రోగి ఇంకో వైద్యుడి దగ్గరికి వెళ్తే అతను నువ్వు ఆగిన చోటి నుంచి మొదలుపెడతాడు, మళ్లీ మొదటి నుంచి కాదు. ఒక వైద్యుడు తన తర్వాత వచ్చే వైద్యుడికి చేయగలిగిన సాయం అదే.

ఆ రైతు నాడి నిమిషం పాటు చూశావా, గుండె స్కాన్ అయిందా, తల లోపలి ధమనులను ఎవరైనా చూశారా? ఈ మూడింటికీ జవాబు వచ్చే ఉత్తరంలో రాయి. కాగితాలు ఫొటోలు తీసి పంపితే నేనూ చూస్తాను, అవసరమైతే ఇక్కడ ఎవరికి చూపించాలో కనుక్కుంటాను. వేళకు తిను, రాత్రి డ్యూటీల తర్వాత నిద్ర మానకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన